మూడో కుర్చీ వెనక బొమ్మ

సోమవారం

తాతయ్యది ఎడమచేతి వాటం కాదు. కాదంటే కాదు. నిన్న ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా బావ వినలేదు. "బొమ్మలో కత్తి ఎడమచేతిలో ఉంది కదరా, కళ్ళు లేవా" అన్నాడు. కళ్ళున్నాయి. ఆ కళ్ళతోనే చిన్నప్పట్నుంచీ తాతయ్య పక్కన నిలబడి చూశాను. గడ్డం కుడిచేత్తో గీసేవాడు, అన్నం కుడిచేత్తో తినేవాడు, నా వీపు మీద వేసినా కుడిచేత్తోనే వేసేవాడు. ఏ చెయ్యో వీపుకి తెలుస్తుంది.

బావ ఇంకో మాట కూడా అన్నాడు. పది కూడా దాటనివాడివి, నీకు బొమ్మల సంగతేం తెలుసు అని. పదో తరగతిలో బొమ్మల సంగతి చెప్తారా? బావ డిగ్రీ చదివాడు. అక్కడ చెప్పారేమో. ప్రస్తుతం పెన్నులూ అట్టలూ అమ్ముతున్నాడు.

గొడవ తెచ్చింది సెంటాయన. నిన్న బావ వెంట షాపులోకి వచ్చి, కటింగూ అడక్కుండా, గడ్డమూ అడక్కుండా, గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆయన పూసుకున్న సెంటు ముందు మా పౌడరు వాసన తేలిపోయింది. పాత బొమ్మలు కొని అమ్ముతాడట. మా గోడ మీది ఏడు బొమ్మలకీ కలిపి ఒక రేటు చెప్పాడు. మూడో కుర్చీ వెనకున్న తాతయ్య బొమ్మ దగ్గరికి వచ్చేసరికి పెదవి విరిచాడు.

"ఇది నేర్చుకునే రోజుల్లో వేసినదయ్యుంటుంది. కత్తి ఎడమచేతిలో పెట్టాడు. చొక్కా గుండీలు తప్పు. రెండో చెయ్యి చూడండి, దేని మీదా ఆనకుండా గాల్లో ఉంది, పూర్తి చెయ్యలేదు. సంతకం కూడా వానపాములా ఉంది. దీనికి ఏమీ ఇవ్వలేను. కొసరుగా పడేయండి."

"ఏమీ ఇవ్వలేనిది మీకెందుకండీ, మాకే వదిలేయండి" అన్నాను.

"సెట్టు విడగొట్టను" అన్నాడు.

తాతయ్య పోయే ముందు బొమ్మలు నాకూ అక్కకీ చెరి సగం అన్నాడు. షాపు నాన్నకి. ఏడు బొమ్మల్ని చెరి సగం ఎలా చేస్తారో చెప్పలేదు. లెక్కల్లో తాతయ్య నాలాంటివాడే.

అక్క అరవలేదు. అక్క అరవకపోతేనే భయం. "కొనేవాడు చెప్పే రేటు నేను నమ్మను. కొననివాడు ఎవరైనా చూసి చెప్పాలి. విలువ కట్టడం తెలిసినవాళ్ళు ఉంటారట. ఒరేయ్, నువ్వు వెతుకు. వచ్చేవారం శనివారం ఈయన మళ్ళీ వస్తాడు. ఆలోగా నువ్వు ఎవర్నీ తేకపోతే ఏడూ ఇచ్చేద్దాం" అంది.

"నేనెందుకు?"

"ఖాళీగా ఉండేది నువ్వే కాబట్టి."

నేను ఖాళీగా లేను. నా కుర్చీ ఖాళీగా ఉంది. రెండూ వేరు.

అమ్మడంలో నాకేం అభ్యంతరం లేదు, అది రాసిపెట్టుకుంటున్నాను. నా వాటా చేతికొస్తే ఈ ఊరు వదిలి వెళ్ళిపోతాను. నా ఫ్రెండొకడు గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ బండి నడుపుతాడు, ఫోర్క్‌లిఫ్ట్ గాడంటాను, ఎప్పట్నుంచో రమ్మంటున్నాడు. వాళ్ళ గోడౌన్‌లో మనుషులు కావాలట. అక్కడ ఎవరి తలా పట్టుకోనక్కర్లేదు. ఆ ఒక్క బొమ్మ కొసరుగా పోవడమే బాగోలేదు. రేటు కట్టి పోతే పోనీ.

మంగళవారం

పొద్దున్న ఎవరూ రాకముందు పరీక్ష చేశాను. మూడో కుర్చీ దగ్గర అద్దంకేసి తిరిగి నిలబడితే తాతయ్య కత్తి కుడిచేతిలో ఉంది. వెనక్కి తిరిగి గోడకేసి చూస్తే ఎడమచేతిలో ఉంది. నేను పనిలో చేరిన దగ్గర్నుంచీ అద్దంకేసే నిలబడతాను కాబట్టి గోడని ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. అద్దంలో అన్నీ తిరగబడతాయి. అంటే గోడదే నిజం. అంటే బావదే నిజం.

ఇది బావకి చెప్పదలచుకోలేదు.

బుధవారం

విలువ కట్టేవాణ్ణి వెతకడం నేననుకున్నంత కష్టం కాదు. ఫోన్‌లో వెతికితే మొదటే ఒకాయన దొరికాడు. మనిషి వెనక పుస్తకాల బీరువా, మెడలో టై. ఫొటోలు పంపిస్తే చాలట, సీలు వేసిన సర్టిఫికెట్టు మర్నాడే పంపిస్తాడట. ఇంతకన్నా ఏం కావాలి?

ఫొటోలు తీశాను. మా షాపు సన్నంగా, పొడుగ్గా ఉంటుంది. గోడకి ఎదురుగా నిలబడి తీద్దామంటే నడుముకి అద్దం కింది అరుగు తగులుతుంది, బొమ్మ సగమే పడుతుంది. అందుకని కస్టమర్ల కటింగులు ఎలా తీస్తానో అలాగే, కుర్చీలో కూర్చుని అద్దంలోంచి తీశాను. బల్బులు అటే ఉన్నాయి కాబట్టి వెలుతురు కూడా బాగా పడింది. తాతయ్య బొమ్మ దగ్గర మాత్రం నా తలకాయ మధ్యలోకి వచ్చేసింది. ఆ కుర్చీ పాత కాలంది. ఎత్తు పెరగదు, తగ్గదు. మార్చమని నాన్నని అడిగి అడిగి నడుం నొప్పి వచ్చింది. పక్కకి వంగి తీశాను.

బొమ్మల చరిత్ర కూడా రాయమన్నాడు. రాశాను. ఇక్కడా రాస్తున్నాను, రెండోసారి రాయడం తేలిక కాబట్టి.

"ఈ బొమ్మలు వేసినాయన మా షాపు మేడ మీది గదిలో అద్దెకుండేవాడు. మేం మేడ మీద ఆయన అనేవాళ్ళం. తల మీద ఒక్క వెంట్రుక లేదు. అయినా రోజూ షాపులోనే కూర్చునేవాడు. తాతయ్యా ఆయనా మాట్లాడుకునేవాళ్ళు కాదు. వేసిన బొమ్మ వేసినట్టు కిందికి తెచ్చి గోడకి తగిలించేవాడు, కొన్నాళ్ళకి తీసుకెళ్ళిపోయేవాడు. ఏడు మాత్రం తీసుకెళ్ళలేదు. ఆయన పోయాక తాతయ్య వాటిని కదపనివ్వలేదు."

ఇప్పుడు ఆ గదిలో నేనుంటున్నాను. ఇది మాత్రం రాయలేదు. విలువ తగ్గుతుందేమోనని.

గురువారం

సర్టిఫికెట్టు వచ్చింది. బంగారు రంగు సీలు. సున్నాలు చూసి మూడో కుర్చీలో కూర్చుండిపోయాను. నాన్న చూసి "నిద్రొస్తే పైకెళ్ళు" అన్నాడు.

ఏడు బొమ్మల గురించీ ఏడు పేరాలు. అన్నిటి మీదా చిత్రకారుడి సంతకం స్పష్టంగా ఉందట. అన్నీ గొప్పవేనట. తాతయ్యది శ్రామిక జీవన సౌందర్యం అట. సాయంత్రం అక్క వచ్చింది. వెళ్ళాల్సిన గోడౌన్ గురించి ఆలోచిస్తూ సర్టిఫికెట్టు ఆమె చేతిలో పెట్టాను.

"ఈయన వచ్చి చూశాడా?" అంది.

"ఫొటోలు చూశాడు."

"నువ్వు ఫొటో చూసి కటింగ్ చేస్తావా?"

"అందరూ ఫొటో చూపించే కదా చేయించుకుంటారు."

"తల లేకుండా చేస్తావా అని."

నాన్న ఒకటో కుర్చీ దగ్గర ఎవరికో మెడ గీస్తున్నాడు. నవ్వలేదు గానీ కత్తి ఒక్క క్షణం ఆపాడు. మెడ గీసేటప్పుడు నవ్వకూడదని తాతయ్య నేర్పాడు.

సర్టిఫికెట్టు బాగుంది. అట్ట మందంగా ఉంది.

శుక్రవారం

ఏం జరగలేదు. ఇద్దరు కస్టమర్లు. అందులో ఒకడు పిల్లాడు, కరిచాడు.

శనివారం

విలువ కట్టే రెండోవాణ్ణి బావే పట్టుకొచ్చాడు. మంచి బట్టలు, మంచి మాట. బొమ్మల ముందు చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడిచాడు. ఫీజు ఎంతండీ అని అడిగాను. ఏమీ లేదన్నాడు. చివర్లో ఎంత విలువ తేలితే అందులో ఇంత శాతం అట. మీరు అమ్మదలిస్తే మనిషిని కూడా నేనే చూపిస్తాను, మీకు శ్రమ ఉండదు అన్నాడు.

బావ నాకేసి చూశాడు, చూశావా అన్నట్టు.

నాకెందుకో నచ్చలేదు. ఎందుకో ఆ నిమిషంలో తెలియలేదు. తర్వాత ఒకాయనకి సైడ్స్ కొడుతుంటే తెలిసింది. కింద రాలిన జుట్టుని తూకమేసి డబ్బు తీసుకునే పద్ధతి పెట్టామనుకో, మా షాపు నుంచి అందరూ గుండుతోనే బయటికి వెళ్తారు. మేం చెడ్డవాళ్ళమని కాదు. చెయ్యి అటే పోతుంది.

పైగా కొనేవాణ్ణి కూడా ఆయనే తెస్తానంటున్నాడు. విగ్గులు కుట్టేవాడి దగ్గరికెళ్ళి నా జుట్టెలా ఉందండీ అని అడిగినట్టు.

బావకి ఈ గుండు సంగతి చెప్పాను. "నువ్వు ప్రతిదీ జుట్టులోకి లాగుతావేంట్రా" అన్నాడు. కానీ ఆ శాతమాయనకి మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. బావ చెడ్డవాడేం కాదు. తన షాపు పక్క గది ఖాళీ అవుతోంది, ఆలస్యమైతే వేరేవాళ్ళు తీసుకుంటారని తొందర.

ఆదివారం

రద్దీ. ఆదివారం నా కుర్చీకి కూడా మనుషులొస్తారు. వచ్చిన ప్రతివాణ్ణీ అడిగాను, బొమ్మలకి విలువ కట్టేవాళ్ళు మీకెవరైనా తెలుసా అని. గొంతు మీద కత్తి ఉన్నప్పుడు మనుషులు ఆలోచించి చెప్తారు.

బీమా ఆఫీసులో పనిచేసే ఆయన, చెవుల్లో వెంట్రుకలు ఎక్కువ, ఆయనన్నాడు: "ఒకావిడ ఉంది తమ్ముడూ. పాత బొమ్మలకి బీమా చెయ్యాలంటే ఆవిడ కాగితం మావాళ్ళు మారుమాట్లాడకుండా తీసుకుంటారు. కానీ ఆవిడంటే మావాళ్ళెవరికీ ఇష్టం లేదు."

"ఎందుకని?"

"తెలియనిది తెలియదంటుంది. మనం మళ్ళీ ఇంకొకళ్ళ దగ్గరికి పోవాలి. చెవి జాగ్రత్త."

నంబరిచ్చాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఎవర్ని పిలిచినా మూడు అడుగు: ఏం చదివారు, ఎవరి బొమ్మలు బాగా తెలుసు, ఫీజెలా. నాలుగోది నేను కలిపాను, మీరు కొంటారా అని.

సోమవారం

షాపుకి సెలవు. ఆవిడకి ఫోన్ చేసి నాలుగూ అడిగాను. విసుక్కోలేదు. ఏం చదివిందో చెప్పింది, నాకు సగమే అర్థమైంది, కావాలంటే చదివిన కాలేజీకి ఫోన్ చేసి కనుక్కోమంది. ఫీజు గంటల లెక్క, బొమ్మ విలువతో సంబంధం లేదు. కొనదు, అమ్మదు, కొనేవాళ్ళని చూపించదు.

"ఇప్పుడు నేనడుగుతాను" అంది. "విలువ దేనికోసం?"

"విలువ కోసమేనండీ."

"అమ్మడానికా, పంచుకోవడానికా, బీమాకా? ఒక్కోదానికి ఒక్కో లెక్క ఉంటుంది."

ఒకే బొమ్మకి మూడు రేట్లు. సర్టిఫికెట్టాయన ఈ ప్రశ్న అడగనే లేదు. అక్కని అడిగి చెప్తానన్నాను. ఫొటోలు పంపమంది, విలువ కట్టడానికి కాదట, ఏ సామాన్లు తెచ్చుకోవాలో తెలియడానికట. పంపించాను.

ఫోర్క్‌లిఫ్ట్ గాడు ఫోన్ చేశాడు. "ఎప్పుడొస్తున్నావురా?" అన్నాడు. ఆదివారం అన్నాను. శనివారంతో ఈ బొమ్మల గోల తేలిపోతుంది. సంచి కింద పెట్టి దుమ్ము దులిపాను. నాకు ఇక్కడ పని లేదు. మూడో కుర్చీ నేను లేకపోయినా ఖాళీగానే ఉంటుంది, ఉన్నా ఖాళీగానే ఉంటుంది.

మంగళవారం

ఆవిడ ఫోన్ చేసింది. కటింగ్ మధ్యలో ఉన్నాను, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించి మాట్లాడాను.

"ఇవి అద్దంలోంచి తీశారా?"

"అవునండీ. ఎలా తెలిసింది?"

"ఆరు బొమ్మల మీద సంతకం తిరగబడి ఉంది."

దువ్వెన పడిపోయింది. సర్టిఫికెట్టాయన ఏడిటి మీదా సంతకం స్పష్టంగా ఉందన్నాడు. తిరగబడిన ఆరు సంతకాలు స్పష్టంగా చూసి, సీలు వేశాడన్నమాట.

"మరి ఏడోదండీ?"

"ఏడోది ఫొటోలో సరిగ్గా ఉంది. అంటే గోడ మీద తిరగబడి ఉండాలి. ఏమో, నాకు తెలియదు. వచ్చి చూడాలి. శనివారం పొద్దున్న వస్తాను. ఒక మాట. నేను వచ్చేదాకా ఎవరూ ఏదీ తుడవకండి."

కుర్చీలో ఉన్నాయన అంతా విని "ఏ సంతకం బాబూ, స్థలం గొడవా?" అన్నాడు. అవునన్నాను.

బుధవారం

అమ్మ తడిగుడ్డ పట్టుకుని కిందికొచ్చింది. పెద్దావిడ ఎవరో వస్తోందట కదా, ఆ బొమ్మల నిండా బూజుంది, పరువు పోతుంది అంది. గుడ్డ లాక్కున్నాను. "తుడవద్దంటే ఆవిడేం మనిషిరా" అంది.

నాన్నని అడిగాను, మేడ మీద ఆయన ఎక్కడ కూర్చునేవాడని. మూడో కుర్చీ చూపించాడు.

"జుట్టు లేని మనిషి అద్దం ముందు కూర్చుని ఏం చేసేవాడు నాన్నా?"

"చూసుకునేవాడు."

"ఏం చూసుకునేవాడు?"

"గుండు చూసుకుంటున్నాడనుకునేవాణ్ణి" అన్నాడు నాన్న. కత్తి తుడుచుకుంటూ, "మనిషి చిన్నబుచ్చుకుంటాడని అడగలేదు" అన్నాడు.

గురువారం

ఆ ఒక్క బొమ్మ కోసం నేనిదంతా చేస్తున్నానని అక్క బావతో అందట. అదేం లేదు.

శుక్రవారం

అదేం లేదు అని నిన్న రాశాను. ఇవాళ కూడా అదే రాస్తున్నాను. సంచి సర్దాను.

శనివారం, మధ్యాహ్నం

వరసగా రాయాలి. తర్వాత కలిసిపోతుంది.

ఆవిడ పొద్దున్నే వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద సంచీ, చేతిలో టార్చి. ఒకటో కుర్చీ వెనక నుంచి మొదలుపెట్టింది. బొమ్మని దించి, తిప్పి, వెనక చూసి, టార్చి పక్క నుంచి వేసి చూసింది. ఒక ఫ్రేము మూల నుంచి చిన్న పట్టకారుతో ఏదో తీసింది. జుట్టు. ఇంకో మూల నుంచి ఇంకొంచెం. నలుపూ, తెలుపూ, ఒకటి ఎరుపు.

"ఊళ్ళో అందరూ ఉన్నట్టున్నారు ఇందులో" అంది.

అమ్మ నాకేసి గుర్రుగా చూసింది. తుడవనిచ్చావు కాదు అన్నట్టు.

ఒక బొమ్మ మీద తెల్లటి మచ్చ. ముక్కు దగ్గరగా పెట్టి చూసి, గడ్డం నురగ అంది. దాన్ని కూడా ముట్టుకోవద్దంది. ఆరింట్లో నాలుగు తనకి బాగా తెలిసిన రకమంది. మిగతా రెంటి గురించి తనకి సరిగ్గా తెలియదు, తెలిసిన మనిషిని అడిగి రాస్తానంది. చెవుల ఆయన చెప్పినట్టే. బావ నా చెవిలో "ఫీజు తీసుకుని తెలియదంటుందేంట్రా" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. సర్టిఫికెట్టాయనకి ఏడూ తెలుసు.

చివరికి తాతయ్య దగ్గరికొచ్చింది. దీన్ని దించలేదు. టార్చి వేసింది, ఆపింది. గోడకేసి చూసింది, అద్దంకేసి చూసింది. మేకు చుట్టూ వేలితో తడిమింది.

"ఈ మేకు ఎవరు కొట్టారు?"

"ఆయనే" అన్నాడు నాన్న. "మూడు నాలుగు చోట్ల కొట్టి పీకి మళ్ళీ కొట్టాడు. గోడంతా చిల్లులు చేశాడని మా నాన్న రోజంతా ఆయనకేసి చూడలేదు."

ఆవిడ మూడో కుర్చీలో కూర్చుంది. ఆడవాళ్ళు మా షాపులో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నాన్న అలవాటుగా గుడ్డ దులిపి మెడకి కట్టబోయి ఆగాడు. ఆవిడ అద్దంకేసి చూసింది. తర్వాత కొంచెం వెనక్కి ఆనింది. ఇంకొంచెం. ఆ పాత కుర్చీకి తల ఆన్చే దిమ్మె ఉంది, అక్కడిదాకా.

"ఆ" అంది. అంతే.

లేచి, అక్కని కూర్చోమంది. అక్క పెళ్ళి ముందు గుమ్మం దాకా వచ్చి టీ ఇచ్చి వెళ్ళేది తప్ప ఈ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చుంది. తల వెనక్కి ఆన్చి అద్దంలోకి చూసింది. నేను పక్కన నిలబడి ఉన్నాను కాబట్టి నాకు అక్క మొహమే కనిపించింది. ఏమీ మారలేదు మొహంలో. కాళ్ళు మాత్రం ముడుచుకుంది, మెడకి నీళ్ళు తగిలిన పిల్లాడిలాగా.

"ఏమైంది?" అన్నాడు బావ.

"తాతయ్య" అంది అక్క. "మెడ వంచమంటాడేమో అనుకున్నాను."

తర్వాత నేను కూర్చున్నాను.

అద్దంలో నా వెనక తాతయ్య నిలబడి ఉన్నాడు. కుడిచేతిలో కత్తి. గాల్లో ఉందని సెంటాయన చెప్పిన రెండో చెయ్యి గాల్లో లేదు. నా తల మీద ఉంది. సరిగ్గా నడినెత్తి మీద, తల ఆడించకురా అన్నప్పుడు పెట్టేవాడు చూడు, అక్కడ. ఫొటో తీసేటప్పుడు అడ్డమొచ్చిందని పక్కకి వంగాను నేను.

ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు కనిపించలేదంటే, కుర్చీలో మనిషి కూర్చుంటే వెనక మేం నిలబడతాం. బొమ్మకి అడ్డం మేమే. మేం లేనప్పుడు కుర్చీలో మనిషి ఉండడు. అడ్డం లేకుండా అక్కడ కూర్చున్నవాడు ఒక్కడే, జుట్టు లేనివాడు.

ఆవిడ చెప్పింది, బొమ్మలు వేసేవాళ్ళు తప్పులు పట్టుకోవడానికి బొమ్మని అద్దంలో చూసుకుంటారట. అందుకే వచ్చి కూర్చునేవాడు. మిగతా ఆరూ గోడ మీద చూడ్డానికి వేశాడు. ఇదొక్కటి అద్దంలో చూడ్డానికే వేశాడు. చెయ్యి, గుండీలు, సంతకం, అన్నీ తిరగేసి. తప్పు చేస్తే ఒకటి చేస్తారు గానీ అన్నీ ఒకే పద్ధతిగా చెయ్యరంది.

"దీని విలువెంతండీ?" అన్నాడు బావ.

"ఈ కుర్చీ, ఈ అద్దం, ఈ మేకు. మూడింట్లో ఏది కదిలించినా ఆ చెయ్యి గాల్లోకి పోతుంది. తీసుకెళ్ళి అమ్మితే ఒక అంకె వస్తుంది, అది రాసిస్తాను. తక్కువేం రాదు, ఆయన బొమ్మ కాబట్టి. కానీ అది ఇక్కడున్న బొమ్మ రేటు కాదు. ఇక్కడున్నదానికి నా దగ్గర లెక్క లేదు. లేదనే రాస్తాను."

బావ ఆవిడ ఫీజు లెక్కపెట్టి ఇచ్చాడు.

ఆవిడ వెళ్ళిన కాసేపటికి సెంటాయన వచ్చాడు. వాసన ముందొచ్చింది. అక్క ఆయనకి కుర్చీ చూపించలేదు. ఆరింటి సంగతి కాగితం వచ్చాక మాట్లాడదాం, ఏడోది ఇవ్వం అంది. సెట్టు విడగొట్టనన్నాడు. సరే అంది. గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

"పోనీ ఆ కొసరుదానికి కూడా ఎంతో కొంత ఇస్తాను."

"ఏమీ ఇవ్వలేనన్నారు కదండీ" అంది అక్క. "మేమూ ఏమీ తీసుకోలేం."

ఆయన వెళ్ళాక నాన్న తలుపులు రెండూ తెరిచి ఫ్యాను వేశాడు.

అక్క ఆరింట్లో ఏవి ఎవరికో ఇప్పుడే అనలేదు. ఏడోదాని గురించి మాత్రం ఒక మాట అంది. "నాకు సగం ఉంది దాంట్లో. నేనొచ్చినప్పుడు ఆ కుర్చీ ఉండాలి." నాకేసి చూసి అంది. కుర్చీ ఎక్కడికి పోతుంది? దానికి చక్రాలు కూడా లేవు.

ఆదివారం

సంచి అక్కడే ఉంది. ఇవాళ రద్దీ అని నాన్న పొద్దున్నే పిలిచాడు. ఒక్కరోజు ఆలస్యమైతే గోడౌన్ పారిపోదు.

సోమవారం

బావ కటింగ్‌కి వచ్చాడు. సెలవని చెప్పినా వచ్చాడు. పెళ్ళయినప్పట్నుంచీ వేరే షాపులో చేయించుకుంటాడు, నా చెయ్యి మీద నమ్మకం లేక. మూడో కుర్చీలో కూర్చున్నాడు. సైడ్స్ మొదలుపెట్టాను.

"కొంచెం పక్కకి జరుగు" అన్నాడు.

"జరిగితే ఎలా కొట్టను?"

"పక్క నుంచి కొట్టు."

పక్క నుంచి కొట్టాను. కష్టమే, కానీ వస్తుంది. సగంలో ఉండగా, అద్దంలోకి చూస్తూనే, "కుడిచెయ్యేరా" అన్నాడు బావ.

ఎడమ వైపు కొంచెం ఎక్కువ తీశాను, కావాలని కాదు.

గురువారం

ఫోర్క్‌లిఫ్ట్ గాడు మళ్ళీ ఫోన్ చేశాడు. "వస్తున్నావా లేదా, వేరేవాణ్ణి పెట్టేస్తారు" అన్నాడు. చూద్దాం అన్నాను. అది నాన్న మాట. నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

శనివారం

సంచిలో చొక్కాలు ముడతలు పడుతున్నాయని అమ్మ తీసి దండెం మీద వేసింది. నేను చెప్పలేదు. వద్దనీ చెప్పలేదు.

ఆవిడ కాగితం వచ్చింది. సీలు చిన్నది. ఆరు బొమ్మలకీ, అమ్మితే ఇంత, పంచుకుంటే ఇంత అని వేరువేరుగా ఉంది. తెలియని రెంటికీ ఎవర్ని అడిగిందో కూడా ఉంది. అక్కా నేనూ చెరి మూడు అనుకున్నాం, గొడవ లేకుండా. బావ గదికి సరిపోతుంది. నావి అమ్మాలా వద్దా ఇంకా అనుకోలేదు. ఏడోదాని దగ్గర, ఇక్కడి నుంచి కదిలించి అమ్మితే వచ్చేది అని ఒక అంకె, దాని కింద ఒకే వాక్యం: "ఉన్నచోట ఉన్నంతవరకు, విలువ కట్టలేదు." నాన్న అది రెండుసార్లు చదివించుకున్నాడు. కాగితం తెచ్చి పౌడరు డబ్బా కింద పెట్టాడు. ఇప్పటికే దానికి నురగ అంటింది.

ఆదివారం

మూడో కుర్చీకి వరస ఉంది. నిజంగా. ఒకటీ రెండూ ఖాళీగా ఉన్నా మూడోదానికి ఆగుతున్నారు. చెవుల ఆయన ఊరంతా చెప్పినట్టున్నాడు. నేను ముందుకి వెళ్ళడం ఆలస్యం, "పక్కకి తమ్ముడూ" అంటున్నారు. నాన్న ఖాళీగా కూర్చుని పేపరు చదువుతున్నాడు. నాకు రెండు చేతులే ఉన్నాయని ఎవరూ అనుకోవడం లేదు.

ఇప్పుడు కూడా ఒకాయనకి గడ్డానికి బ్రష్షు వేసి, బ్లేడు పైన మర్చిపోయానని చెప్పి, ఇది రాయడానికి పైకొచ్చాను. ఆయనేం తొందరపెట్టలేదు. తల వెనక్కి ఆన్చుకుని అద్దంలోకి చూస్తున్నాడు. నేను లేకపోయినా వెనక ఒకాయన చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు కదా.

కానీ ఆయన గీయడు. నాన్న పిలుస్తున్నాడు, నురగ ఆరిపోతోందట. వెళ్ళాలి